క్యూసీ అనలిస్టు రెజ్యూమె: అన్నింటికీ ఒకటే పంపాలా, ఉద్యోగాన్ని బట్టి మార్చాలా?

హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా పరిశ్రమలో, క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ, అంటే మందుల నాణ్యతను పరీక్షించే) విభాగంలో మూడు నాలుగేళ్లు పనిచేసినవారికి ఒకే వారంలో నాలుగు రకాల అవకాశాలు ఎదురుకావడం మామూలే. పోలేపల్లి సెజ్‌లోని మాత్రల కర్మాగారానికి స్టెబిలిటీ అనలిస్టు (మందు కాలక్రమంలో చెడకుండా ఉంటుందో లేదో పరీక్షించేవారు) కావాలని ఒక ప్రకటన వస్తుంది. జీడిమెట్లలోని బల్క్ డ్రగ్ (మందులోని అసలు రసాయనాన్ని తయారుచేసే) యూనిట్‌కు గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ) తెలిసినవారు కావాలని మరొకటి, బాచుపల్లిలోని పరిశోధన కేంద్రానికి మెథడ్ వ్యాలిడేషన్ (పరీక్షా పద్ధతి నమ్మదగినదని నిరూపించడం) చేయగలవారు కావాలని ఇంకొకటి వస్తాయి. వీటికి తోడు క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) విభాగంలో డేటా రివ్యూయర్ ఉద్యోగం ఒకటి ఉంటుంది. నాలుగింటిలోనూ అడిగే అర్హత దాదాపు ఒకటే: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ లేదా ఎం.ఫార్మసీ, మూడు నుంచి ఐదేళ్ల అనుభవం. అర్హత ఒకటే కాబట్టి రెజ్యూమె కూడా ఒకటే చాలునని భావించి, ఉన్నదాన్ని నాలుగు చోట్లకూ పంపి, పిలుపు రాకపోతే మార్కెట్ బాగాలేదని సరిపెట్టుకునేవారు చాలామంది.

నిజానికి ఆ నాలుగు ఉద్యోగాలకూ రెజ్యూమె చదివేవారు వేరు, వారు వెతికే విషయాలు వేరు. అలాగని ప్రతి ప్రకటనకూ రెజ్యూమెను మొదటి నుంచి తిరగరాయమని చెప్పడం కూడా న్యాయం కాదు. షిఫ్టుల మధ్య, రెండు గంటల బస్సు ప్రయాణాల మధ్య దరఖాస్తు చేసుకునేవారికి అంత సమయం ఉండదు. ఎంత మార్చాలన్నది మీరు ఇప్పుడు చేస్తున్న పనికీ, అడుగుతున్న పనికీ ఉన్న దూరాన్ని బట్టి తేల్చుకోవాలన్నది నా అభిప్రాయం. దూరం తక్కువైతే మార్పులు తక్కువ చాలు. దూరం పెరిగేకొద్దీ ఎక్కువ మార్చాలి. ఈ కొలత ఒక్కటి చేతిలో ఉంటే ఏ పద్ధతి ఎప్పుడు పనికొస్తుందో తేల్చుకోవడం కష్టం కాదు.

ముందుగా ప్రకటనను చదవడం

ఫార్మా కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో చాలా వాక్యాలు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయి. జీఎంపీ, జీఎల్‌పీ (మంచి తయారీ, ప్రయోగశాల పద్ధతుల నిబంధనలు) పాటించాలి, డాక్యుమెంటేషన్ సకాలంలో పూర్తిచేయాలి, బృందంతో కలిసి పనిచేయాలి వంటి మాటలను హెచ్‌ఆర్ విభాగం పాత ప్రకటన నుంచి తీసి కొత్తదానిలో పెడుతుంది. వాటికి సమాధానంగా రెజ్యూమెలో వాక్యాలు పేర్చడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరూ అవే రాస్తారు. మీరు వెతకవలసింది విభాగాధిపతి స్వయంగా చెప్పి చేర్పించిన వాక్యం. "హెడ్‌స్పేస్ జీసీ మీద రెసిడ్యువల్ సాల్వెంట్స్ చేసి ఉండాలి", "ఎంపవర్ సాఫ్ట్‌వేర్ తెలిసి ఉండాలి", "యూఎస్ ఎఫ్‌డీఏ తనిఖీలను ఎదుర్కొన్నవారికి ప్రాధాన్యం" వంటివి అలాంటి వాక్యాలు. ఎంత పెద్ద ప్రకటనలోనైనా ఇవి మూడు నాలుగుకు మించి ఉండవు. రెజ్యూమెలో మార్పు అంటే ప్రధానంగా ఈ మూడు నాలుగు వాక్యాలకు మీ దగ్గరున్న నిజమైన జవాబును మొదటి పేజీ పైభాగంలోకి తీసుకురావడమే.

కర్మాగారం ఏ రకమైనదో ప్రకటనలో ఒక్కోసారి స్పష్టంగా రాయరు గానీ, ఊరి పేరూ ఉత్పత్తుల పేర్లూ చూస్తే తెలిసిపోతుంది. బొల్లారం, జీడిమెట్ల, విశాఖ దగ్గరి పరవాడ వైపు బల్క్ డ్రగ్ యూనిట్లు ఎక్కువ. అక్కడ క్యూసీ పనిలో రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మిగిలిపోయిన ద్రావకాలు), రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ (సంబంధిత మలినాలు), కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ, ముడిపదార్థాల పరీక్షలు ముందు వరుసలో ఉంటాయి. మాత్రలు, క్యాప్సూళ్ల యూనిట్లలో డిసల్యూషన్ (మాత్ర కరిగే తీరు), కంటెంట్ యూనిఫార్మిటీ, ఎస్సే (మందు పరిమాణం) పరీక్షలకు ప్రాధాన్యం ఉంటుంది. ఇంజెక్షన్ల యూనిట్‌లో పార్టిక్యులేట్ మ్యాటర్, ఎండోటాక్సిన్, స్టెరిలిటీ పరీక్షలు కూడా వచ్చి చేరతాయి కాబట్టి మైక్రోబయాలజీ విభాగంతో కలిసి పనిచేసిన అనుభవానికి విలువ వస్తుంది. డిసల్యూషన్‌లో చేయితిరిగిన అనలిస్టు బల్క్ డ్రగ్ యూనిట్‌కు పంపే రెజ్యూమెలో ఆ డిసల్యూషన్‌నే మొదటి వాక్యంగా ఉంచితే, చదివే మేనేజరుకు ఈ మనిషి తన ప్రయోగశాలకు చెందినవాడు కాదనిపిస్తుంది. అదే అనలిస్టు ముడిపదార్థాల విభాగంలో ఏడాదిపాటు జీసీ మీద పనిచేసి ఉండవచ్చు, కానీ ఆ సంగతి రెండో పేజీలో తొమ్మిదో వాక్యంగా ఉంటే ఎవరి కంటా పడదు.

ఇంకొక విషయం. 2018లో వల్సార్టాన్ అనే రక్తపోటు మందులో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ మలినం బయటపడిన తరువాత, అతి స్వల్ప పరిమాణంలో ఉండే మలినాలను కొలిచే పని ప్రయోగశాలల్లో బాగా పెరిగింది. ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ పరికరాల మీద అలాంటి పని కొంతైనా మీ చేతుల మీదుగా జరిగి ఉంటే, బల్క్ డ్రగ్ యూనిట్‌కైనా పరిశోధన కేంద్రానికైనా అది పైకి రావలసిన విషయమే.

నాలుగు పద్ధతులు, వాటి మధ్య ఎంపిక

మొదటిది, ఒకే రెజ్యూమెను అన్నిచోట్లకూ పంపడం. ఇది సోమరితనమేమీ కాదు, కొన్ని సందర్భాల్లో సరైన నిర్ణయమే. మీరు మాత్రల యూనిట్‌లో ఫినిష్డ్ ప్రోడక్ట్ అనలిస్టుగా ఉండి, మరో మాత్రల యూనిట్‌లో అదే స్థాయికి, అదే పనికి దరఖాస్తు చేస్తున్నప్పుడు, పది పదిహేను ఖాళీలకు ఒకేసారి వాక్-ఇన్ పెట్టినప్పుడు, బాగా రాసిన ఒకే రెజ్యూమె సరిపోతుంది. అనుభవం లేని ఫ్రెషర్లకు కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే వారి దగ్గర అటూ ఇటూ జరపడానికి చదువు, ప్రాజెక్టు, శిక్షణ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఫ్రెషర్లు చేయవలసిందల్లా ప్రాజెక్టులో ఏ పరికరాన్ని స్వయంగా నడిపారో, దేన్ని పక్కన నిలబడి చూశారో విడదీసి రాయడం.

రెండవది, ఉద్యోగ రకాన్ని బట్టి రెండు మూడు రూపాలు సిద్ధంగా ఉంచుకోవడం. దీనికి ముందు ఒక పెద్ద మూలప్రతి తయారు చేసుకోవాలి. అందులో మీరు చేసిన ప్రతి పరీక్ష, నడిపిన ప్రతి పరికరం, పాల్గొన్న ప్రతి వ్యాలిడేషన్, ఎదుర్కొన్న ప్రతి తనిఖీ, నెల, సంవత్సరంతో సహా ఉంటాయి. అది ఐదారు పేజీలు అయినా ఫరవాలేదు, ఎందుకంటే దాన్ని ఎవరికీ పంపరు. దాని నుంచి క్యూసీకి ఒకటి, అనలిటికల్ ఆర్ అండ్ డీకి ఒకటి, క్యూఏకు ఒకటి చొప్పున రెండేసి పేజీల రూపాలు తీయాలి. కొత్త ప్రకటన వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న రూపాన్ని తీసుకుని, పైనున్న నాలుగు పంక్తుల పరిచయాన్నీ, నైపుణ్యాల వరుసనూ, ప్రస్తుత ఉద్యోగం కింద మొదటి మూడు వాక్యాలనూ సరిచూసుకుంటే అరగంటలో పని అయిపోతుంది. నేను సూచించేది ఈ పద్ధతినే. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, రెండు మూడు దిశల్లో ప్రయత్నిస్తున్నవారికి దీనికన్నా మెరుగైనది కనిపించదు. మూలప్రతి తయారు చేయడానికి ఒక సెలవురోజు మొత్తం పడుతుంది. ఆ రోజు వృథా కాదు. అలా కూర్చుని రాస్తే తప్ప తాము ఎంత పని చేశారో చాలామంది అనలిస్టులకు గుర్తే రాదు.

మూడవది, ఒక ప్రకటన కోసం రెజ్యూమెను మొత్తం తిరగరాయడం. క్యూసీ నుంచి రెగ్యులేటరీ అఫైర్స్‌కు మారాలనుకునేవారికి ఇది తప్పదు. రెగ్యులేటరీ విభాగంలో పని అంటే ప్రధానంగా పత్రాల తయారీ. సీటీడీ (మందు అనుమతి కోసం సమర్పించే ప్రామాణిక పత్రాల సముదాయం) డాసియర్‌లోని మూడవ మాడ్యూల్‌లో నాణ్యతా సమాచారం, డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్) దాఖలాలు, నియంత్రణ సంస్థలు పంపే డెఫిషియెన్సీ (లోపాలను ఎత్తిచూపే) లేఖలకు జవాబులు అక్కడి దినచర్య. క్యూసీ అనలిస్టు వీటిని నేరుగా చేసి ఉండడు. అయినా మూడవ మాడ్యూల్‌లోకి వెళ్లే స్పెసిఫికేషన్లు, వ్యాలిడేషన్ నివేదికలు, స్టెబిలిటీ డేటా అతని ప్రయోగశాల నుంచే వస్తాయి. ఒక డెఫిషియెన్సీకి జవాబుగా అదనపు ప్రయోగాలు చేసి ఉంటే, స్పెసిఫికేషన్ సవరణల ముసాయిదా రాసి ఉంటే, ఆ పని చుట్టూ రెజ్యూమెను కొత్తగా నిర్మించాలి. పరికరాల పట్టిక వెనక్కి వెళ్లి, రాతపని ముందుకు రావాలి. ఇది రెండు మూడు సాయంత్రాల పని కాబట్టి, నిజంగా కోరుకుంటున్న ఉద్యోగానికే దాన్ని కేటాయించడం తెలివైన పని.

నాలుగవది, ఏఐ సాధనంతోనో డబ్బు తీసుకుని రాసిపెట్టేవారితోనో చేయించడం. భాషను సరిదిద్దడానికి, పొడవైన వాక్యాన్ని కుదించడానికి, ప్రకటనలో ఉండి మీ రెజ్యూమెలో లేని పదాలను గుర్తుచేయడానికి చాట్‌జీపీటీ, జెమిని వంటివి బాగానే ఉపయోగపడతాయి. ఇంగ్లిషులో రాయడానికి జంకేవారికి ఇది చిన్న సహాయం కాదు. కానీ ప్రకటనను, రెజ్యూమెను రెండింటినీ ఇచ్చి "దీనికి తగ్గట్టు మార్చు" అంటే, ప్రకటనలోని మాటలనే మీ అనుభవంగా తిప్పి రాసే అవకాశం ఉంది. మీరు ఎన్నడూ ముట్టుకోని ఎల్‌సీ-ఎంఎస్ మీ నైపుణ్యాల్లో వచ్చి కూర్చుంటుంది. "పాల్గొన్నాను" అన్నది "నాయకత్వం వహించాను"గా మారిపోతుంది. రాసిపెట్టే వ్యక్తికి ప్రయోగశాల పని తెలియకపోతే అక్కడా ఇదే ప్రమాదం. కాబట్టి మూలప్రతి మీరే రాసి, భాష వరకు మాత్రమే సాయం తీసుకుని, తిరిగి వచ్చిన ప్రతి వాక్యాన్నీ మూలప్రతితో సరిచూడాలి. ఇంకో జాగ్రత్త కూడా అవసరం: ఇంకా మార్కెట్‌లోకి రాని ఉత్పత్తి పేర్లు, కాంట్రాక్టు ఖాతాదారుల పేర్లు, తనిఖీలో వచ్చిన పరిశీలనల వివరాలు కంపెనీ రహస్యాలు. వాటిని ఏ సాధనంలోనూ పెట్టకూడదు, రెజ్యూమెలోనూ రాయకూడదు. "ఒక యాంటీ డయాబెటిక్ మాత్ర" అంటే సరిపోతుంది.

ఒకే అనుభవం, మూడు వాక్యాలు

మార్చడం అంటే ఎలా ఉంటుందో ఒక వాక్యం మీద చూద్దాం. రెజ్యూమె ఇంగ్లిషులోనే రాస్తారు కాబట్టి ఇక్కడ దాని భావాన్ని తెలుగులో ఇస్తున్నాను. చాలామంది రెజ్యూమెలో ఇలా ఉంటుంది: "హెచ్‌పీఎల్‌సీ మీద ఫినిష్డ్ ప్రోడక్ట్, స్టెబిలిటీ నమూనాల విశ్లేషణకు బాధ్యత వహించాను." ఈ వాక్యంలో అబద్ధం లేదు (హెచ్‌పీఎల్‌సీ అంటే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం). అయితే ఇది ఏ అనలిస్టుకైనా వర్తించే వాక్యం.

స్టెబిలిటీ ఉద్యోగానికి అదే అనుభవాన్ని ఇలా రాయవచ్చు: "మాత్రల లాంగ్ టర్మ్, యాక్సిలరేటెడ్ స్టెబిలిటీ నమూనాలకు ఎస్సే, రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్, డిసల్యూషన్ పరీక్షలు చేశాను, షెడ్యూలు ప్రకారం చాంబర్ నుంచి నమూనాలు తీసి, ఫలితాల ధోరణిని గమనించి ఓఓటీలు (ధోరణికి భిన్నమైన ఫలితాలు) నమోదు చేశాను." స్టెబిలిటీ మేనేజరుకు నిత్యం ఉండే బెంగ నమూనాలు గడువు దాటకుండా విశ్లేషణ పూర్తి కావడం. నలభై డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమ వద్ద ఆరు నెలల అధ్యయనంలో ఒక నమూనా సమయానికి తీయకపోతే ఆ లోటును తరువాత పూడ్చలేరు. ఆ బెంగకు నేరుగా జవాబిచ్చే మాట ఈ వాక్యంలో ఉంది.

ఆర్ అండ్ డీకి పంపేటప్పుడు అదే నాలుగేళ్ల నుంచి వేరే పని ముందుకు వస్తుంది: "ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం ప్రకారం రెండు ఉత్పత్తుల రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ పద్ధతుల వ్యాలిడేషన్‌లో స్పెసిఫిసిటీ, లీనియారిటీ, అక్యురసీ, ప్రిసిషన్ ప్రయోగాలు చేసి, నివేదిక ముసాయిదా రాశాను." ఇక్కడ "రెండు ఉత్పత్తుల" అన్న అంకె చిన్నదే అయినా నిజమైనది కావడం ముఖ్యం. వ్యాలిడేషన్‌లో మీరు చేసింది ప్రిసిషన్ ఒక్కటే అయితే అదొక్కటే రాయాలి.

క్యూఏ డేటా రివ్యూయర్ ఉద్యోగానికి ఈ వాక్యం తగినది: "తోటి అనలిస్టుల క్రొమటోగ్రాముల ఇంటిగ్రేషన్, ఆడిట్ ట్రెయిల్, లాగ్‌బుక్ నమోదులను తొలి దశలో సమీక్షించాను, ఓఓఎస్ (నిర్దేశిత పరిమితి దాటిన ఫలితాల) మొదటి దశ దర్యాప్తుల్లో పాల్గొన్నాను." నమూనా ఇంజెక్ట్ చేయడం గురించి ఇందులో ఒక్క మాట లేదు. సమీక్షకుడిని వెతికే మేనేజరు చూసేది మీరు ఇతరుల డేటాలో తప్పు పట్టగలరా అన్నదే.

మూడు వాక్యాలూ ఒకే మనిషివి, ఒకే ఉద్యోగంలోవి. ఏదీ కల్పన కాదు. దేన్ని ముందు పెట్టారన్నదే తేడా.

పదాల విషయంలో ఒక సూచన. ఒకే పనికి ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు ఉంటుంది. మీరు "టెక్ ట్రాన్స్‌ఫర్" అని పిలిచేదాన్ని ప్రకటనలో "అనలిటికల్ మెథడ్ ట్రాన్స్‌ఫర్" అని రాసి ఉంటే, పని అదే అయినప్పుడు ప్రకటనలోని పేరునే వాడండి. ఓఓఎస్, ఓఓటీ, కాపా (దిద్దుబాటు, నివారణ చర్యలు) వంటి సంక్షిప్త నామాలకు ఒకచోట పూర్తి పేరు కూడా రాయండి, ఎందుకంటే వెతికే రిక్రూటర్ ఏ రూపంలో వెతుకుతారో ముందుగా తెలియదు.

ఏ దారిలో పంపుతున్నారన్నది కూడా ముఖ్యమే

జాబ్ పోర్టల్, వాక్-ఇన్, రెఫరల్ అనే మూడు దారుల్లో రెజ్యూమె మూడు రకాలుగా చదవబడుతుంది.

నౌకరీ వంటి పోర్టళ్లలో రిక్రూటర్లు పదాలు, అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్, జీతం వంటి వడపోతలు పెట్టి అభ్యర్థులను వెతుకుతారు. అందువల్ల జతచేసిన ఫైలు ఎంత బాగున్నా, ప్రొఫైల్‌లోని హెడ్‌లైన్, నైపుణ్యాల గడి, నోటీస్ పీరియడ్ సరిగా నింపకపోతే మీరు ఆ వెతుకులాటలో కనిపించరు. ప్రొఫైల్ అందరికీ కనిపించేది కాబట్టి అందులో మీ ప్రధాన దిశనే ఉంచి, ఒక ప్రత్యేక ఉద్యోగానికి నేరుగా దరఖాస్తు చేసేటప్పుడు దానికి తగిన రూపాన్ని జతచేయడం మంచిది. పెద్ద కంపెనీల సొంత వెబ్‌సైట్లలో సక్సెస్‌ఫ్యాక్టర్స్, వర్క్‌డే వంటి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానంతట అదే రెజ్యూమెలను గుట్టలుగా చించి పారేస్తుందన్న భయం అతిశయోక్తి. సాధారణంగా అది చేసేది ఫైలులోని వివరాలను గడుల్లోకి విడదీయడం, రిక్రూటరు వెతికినప్పుడు వరుసలో చూపించడం, "వెంటనే చేరగలరా" వంటి ప్రశ్నలకు మీరిచ్చిన జవాబును బట్టి పక్కన పెట్టడం. వివరాలు సరిగా విడిపోవాలంటే రెండు నిలువు వరుసల డిజైన్లు, టెక్స్ట్ బాక్సులు, నైపుణ్యాలకు నక్షత్రాల గుర్తులు, హెడర్‌లో ఫోన్ నంబరు వంటివి మానుకోవాలి. కాన్వా టెంప్లేట్లు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ ఈ పనికి తగినవి కావు. ఫైలు పంపే ముందు అందులోని మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. నమూనాలు ఇంజెక్ట్ చేయడానికి ముందు సిస్టమ్ సూటబిలిటీ (పరికరం సరిగా పనిచేస్తోందో లేదో) చూసుకున్నట్టే ఇది కూడా. వరుస తప్పకుండా అక్షరాలు వస్తే ఫైలు బాగున్నట్టు, కలగాపులగంగా వస్తే ఫార్మాట్ మార్చవలసినట్టు.

వర్డ్ ఫైలా, పీడీఎఫా అన్న ప్రశ్నకు నా సమాధానం: నేరుగా పంపేటప్పుడు వర్డ్ నుంచి తయారు చేసిన పీడీఎఫ్, కన్సల్టెన్సీకి పంపేటప్పుడు వారు అడిగితే వర్డ్. కన్సల్టెన్సీలు మీ ఫోన్ నంబరు తీసేసి తమ లోగో పెట్టి కంపెనీకి పంపడం కోసం వర్డ్ అడుగుతాయి. అలా పంపినప్పుడు ఏ కంపెనీకి, ఏ ఉద్యోగానికి పంపుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి. ఒకే కంపెనీకి ఇద్దరు కన్సల్టెంట్ల ద్వారా రెండు వేర్వేరు రూపాలు వెళితే సంజాయిషీ మీరే చెప్పుకోవాలి.

ఆదివారం జరిగే వాక్-ఇన్‌లలో కథ పూర్తిగా వేరు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉండదు. బల్లల మీద కాగితాల కట్టలు, వాటిని విభాగాల వారీగా విడదీసే హెచ్‌ఆర్ సిబ్బంది ఉంటారు. ఆ విభజన క్షణాల్లో జరిగిపోతుంది కాబట్టి పేరు కింద మొదటి పంక్తిలోనే విభాగం, పరికరాలు, అనుభవం కనిపించాలి: క్యూసీ, హెచ్‌పీఎల్‌సీ మరియు జీసీ, మాత్రల యూనిట్, నాలుగేళ్లు. కాగితం చదువుతూనే మేనేజరు ప్రశ్నలు మొదలుపెడతారు. ఆ కర్మాగారం బల్క్ డ్రగ్‌దా, ఫార్ములేషన్‌దా (మాత్రలు, ఇంజెక్షన్ల వంటివి తయారుచేసేదా) అన్నది ముందురోజే తెలుసుకుని, తగిన రూపాన్ని రెండు మూడు ప్రతులు ముద్రించి తీసుకెళితే చాలు. అంతకుమించి మార్చడం అనవసరం.

రెఫరల్‌కు మాత్రం శ్రమ పడాలి. అక్కడ పనిచేసే మిత్రుడో, కాలేజీ సీనియరో మీ ఫైలును కంపెనీ అంతర్గత పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు, లేదా వాట్సాప్‌లో మేనేజరుకు పంపేటప్పుడు, ఆ మనిషి తన మాటను కూడా మీ రెజ్యూమెకు జతచేస్తున్నట్టే. "న్యూ రెజ్యూమె ఫైనల్ 3" అన్న పేరుతో ఏదో ఒక ఫైలు పంపి "అన్నా, ఏదైనా ఉంటే చూడు" అనడం వారికి ఇబ్బంది కలిగిస్తుంది. ఏ ఖాళీకి అడుగుతున్నారో స్పష్టంగా చెప్పి, ఆ ఒక్క ఖాళీకి తగినట్టు మార్చిన రూపాన్ని, మీ పేరు, విభాగం ఉన్న ఫైలు పేరుతో పంపాలి. నా లెక్కలో మూడు దారుల్లోనూ అరగంట శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఎంత మార్చినా మార్చకూడనివి

చేరిన తేదీ, మానిన తేదీ, అధికారిక హోదా, జీతం ఇచ్చిన సంస్థ పేరు: ఈ నాలుగూ ప్రతి రూపంలోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్లతో పాటు యూఏఎన్‌లోని ఈపీఎఫ్ సర్వీసు చరిత్రను కూడా చూస్తారు. ఏ సంస్థ, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉంటూ పెద్ద కంపెనీ ప్రయోగశాలలో పనిచేసినవారు పెద్ద కంపెనీ పేరు ఒక్కటే రాయడం తరచుగా చూస్తుంటాం. పేరోల్ సంస్థ పేరు రాసి, ఫలానా కంపెనీ యూనిట్‌లో నియమితులమని పక్కన రాస్తే నిజమూ నిలుస్తుంది, అనుభవం విలువా తగ్గదు. హోదాల పేర్లు కంపెనీకొక రకంగా ఉంటాయి కాబట్టి, జూనియర్ ఆఫీసర్ అన్న హోదాను ఎగ్జిక్యూటివ్‌గా మార్చకుండా, పక్కన చేసే పనిని రాయవచ్చు: జూనియర్ ఆఫీసర్, క్యూసీ స్టెబిలిటీ విభాగం.

అబద్ధం ఏ రంగంలోనైనా తప్పే. ఈ రంగంలో మాత్రం దాని బరువు ఇంకా ఎక్కువ. ప్రయోగశాలలో ప్రతి అంకె ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియాలనీ, అసలు డేటా చెరిగిపోకుండా నిలవాలనీ ఆల్కోవా సూత్రాలు చెబుతాయి. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన అమెరికా నిబంధన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అమలులోకి వచ్చింది 1997లో. మన దేశంలో షెడ్యూల్ ఎం (మందుల తయారీ నిబంధనల) సవరణ 2023 చివర్లో వెలువడింది. ఈ నిబంధనలన్నింటి సారం రాసినది నిజమై ఉండాలనే. తన అనుభవాన్నే కల్పించి రాసినవారి చేతికి రోగులు మింగే మందు ఫలితాలను ఏ మేనేజరు అప్పగిస్తారు? నకిలీ అనుభవ పత్రాలు అమ్మేవారు ఇంటర్వ్యూకు తర్ఫీదు కూడా ఇస్తామంటారు. కానీ టెయిలింగ్ ఫ్యాక్టర్ పెరిగితే ముందు ఏం చూస్తారు, రెండు పీకులు కలిసిపోతే ఏం మారుస్తారు, మీరు చూసిన చివరి ఓఓఎస్‌లో మూలకారణం ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు, చేయి పెట్టినవారి జవాబూ వినివచ్చినవారి జవాబూ ఒకలా ఉండవు.

తగ్గించవలసినవి మాత్రం చాలానే ఉన్నాయి. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, అభిరుచులు, చివర్లో ప్రమాణపూర్వక ప్రకటన వంటి బయోడేటా కాలపు అంశాలు తీసేస్తే నాలుగైదు పంక్తుల చోటు మిగులుతుంది. ఆధార్, పాన్ నంబర్లు రెజ్యూమెలో ఎన్నడూ రాయకూడదు. ఎమ్మెస్సీ పూర్తయి నాలుగేళ్లయిన మనిషి పదో తరగతి మార్కులను చివరి పంక్తికి పంపవచ్చు.

విదేశాలకు పంపేటప్పుడు ఈ వ్యక్తిగత వివరాల విషయంలో దేశాన్ని బట్టి నడుచుకోవాలి. అమెరికాలో ఫోటో, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి ఉండకూడదు. న్యూజెర్సీ వైపు ఫార్మా ఉద్యోగాలకు ప్రయత్నించే మన విద్యార్థులు ఇక్కడి రెజ్యూమెనే పంపి ఈ పొరపాటు చేస్తుంటారు. గల్ఫ్ దేశాల ఉద్యోగాలకు జాతీయత, వీసా స్థితి సాధారణంగా అడుగుతారు, కాబట్టి రాయడమే మేలు. జర్మనీలో ఫోటో పెట్టే అలవాటు ఉన్నా అది తప్పనిసరి కాదు.

చివరిగా, రూపాలు పెరిగేకొద్దీ లెక్క పెట్టుకోవడం అవసరమవుతుంది. ఏ తేదీన, ఏ కంపెనీకి, ఏ ఉద్యోగానికి, ఏ రూపం పంపారో ఒక చిన్న పట్టికలో రాసి, ప్రకటన పూర్తి పాఠాన్ని కూడా అక్కడే కాపీ చేసి ఉంచండి. గడువు ముగిశాక ప్రకటన పోర్టల్ నుంచి మాయమవుతుంది, పిలుపు మాత్రం నెల తరువాత రావచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు పంపిన ఆ రూపాన్నే ముద్రించి తీసుకెళ్లి, మీరు పైకి తెచ్చిన ప్రతి వాక్యం వెనుక ఒక ఉత్పత్తి, ఒక పరికరం, ఒక సమస్య, దాన్ని పరిష్కరించిన తీరు చెప్పగలిగేలా ముందురోజు రాత్రి చదువుకోండి. ఎందుకంటే మొదటి ప్రశ్నలు ఆ వాక్యాల మీదే వస్తాయి.